కమ్‌జోర్ అన్న మాట

బ్యాటరీ మారుస్తామని చెప్పి వారంటీ అమ్మారు. బ్యాటరీ మార్చలేదు. పాడైతే మారుస్తాం, బలహీనపడితే మార్చం అన్నారు. బలహీనపడిందని మొదట చెప్పింది నేనే కాబట్టి, ఆ తర్వాత నేనేం చెప్పినా అది చెల్లదన్నారు.

ఆ ఫోను నాది కాదు, నా భార్యది. సరిగ్గా చెప్పాలంటే అది ఆవిడ గొంతు.

ఆవిడకు గొంతులో జబ్బు చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది భాగంలో చిన్న రంధ్రం పెట్టారు. ఊపిరి ఇప్పుడు అక్కణ్ణుంచే. నోటి నుంచి గాలి రాదు, గాలి రాకపోతే మాట రాదు. ఆపరేషను ముందు డాక్టరు ఇదంతా బొమ్మ గీసి చెప్పాడు. ఆవిడ తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం చాలా రోజులు మాట్లాడటానికి నోరు తెరుస్తూనే ఉండేది. పెదవులు కదిలేవి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పెదవులు చదవబోయి, ఉప్పడిగితే పప్పందించేవాణ్ణి.

ఊరి శివారున ఉర్లాలో ఫ్యాక్టరీలో పనిచేసే మా అబ్బాయి ఈ ఫోను కొని తెచ్చాడు. అందులో ఆవిడ తెలుగు అక్షరాలు నొక్కితే ఫోను పైకి చదువుతుంది. ఇంకో గుర్తు మీద నొక్కితే అదే మాటను హిందీలో పలుకుతుంది. ఆవిడ మూడో తరగతితో బడి మానేసింది. అక్షరాన్ని చూస్తే గుర్తుపడుతుంది గానీ కాగితం మీద రాయమంటే చెయ్యి తిరగదు. ఫోనులో ఆ ఇబ్బంది లేదు, అక్షరాలు వరసగా ఎదురుగానే ఉంటాయి.

నెల తిరిగేసరికి చేత్తో బియ్యం ఏరినంత వేగంగా నొక్కడం నేర్చుకుంది. ఆవిడది విజయనగరం పక్క పల్లె. నొక్కేదీ ఆ పల్లె మాటే, పలికేది మాత్రం రేడియోలో వార్తలు చదివే అమ్మాయిలాంటి గొంతు. "ఏటండి, నీళ్లు పట్నారా?" అన్న మాట ఆ గొంతులో వస్తుంటే నాకు నవ్వాగేది కాదు. ఆవిడకు కోపం వచ్చేది. కోపం కూడా అదే గొంతులో వచ్చేది.

ఇక హిందీ సంగతి. ఛత్తీస్‌గఢ్ వచ్చి ఈ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో కాపురం పెట్టిన నాటి నుంచి ఆవిడ మాట్లాడిన హిందీలో ఆడామగా తేడా ఉండేది కాదు. వంకాయలన్నీ మగవి, బెండకాయలన్నీ మగవి. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలామెకు అదే అలవాటు. ఫోను వచ్చాక ఒకరోజు మా ఆవిడ అచ్చమైన హిందీలో టమాటాలు బేరమాడితే ఆ ముసలామె చేతిలోని తక్కెడ కింద పెట్టి, "నువ్వు ఢిల్లీ ఎప్పుడెళ్లొచ్చావే అక్కా, నాకు చెప్పకుండా" అందట. ఆ సంగతి మా ఆవిడ ఇంటికొచ్చి ముచ్చటపడుతూ నొక్కింది. ఫోను దాన్ని కూడా వార్తల్లాగే చదివింది.

వ్యాగన్ వర్క్‌షాపులో నాతో పాటు పనిచేసి రిటైరైన మిత్రుడొకడున్నాడు. గోదావరి వైపు క్రైస్తవ కుటుంబం. నన్ను బావా అంటాడు, వరసేమీ లేదు. సాయంత్రం టీకి వచ్చి ఒకసారి, "నలభై ఏళ్లకు దేవుడు నీ ఇంటికి కాస్త నిశ్శబ్దం పంపించాడు బావా, నువ్వు బజారు నుంచి మళ్లీ గొంతు కొనుక్కొచ్చావు" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి తాపీగా వచ్చి ఫోను మీద వేళ్లు ఆడించింది. ఫోను స్పష్టంగా, మర్యాదగా చదివింది: "అన్నయ్యగారూ, మీ ఇంటిలోన మీ గొంతు ఎప్పుడైనా ఇనపడ్డాదా?" ఆ టీ ఎలా తాగాడో వాడికే తెలియాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కౌంటరు దగ్గర ఉన్నవాళ్లు ఫోను అంటే ఫోనే అనుకున్నారు.

కొన్నప్పుడు దుకాణంలో కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి, మామూలు వారంటీ అయిపోయాక మరో రెండేళ్లు పొడిగించిన వారంటీ ఉంటుందనీ, బ్యాటరీ కూడా అందులోనే వస్తుందనీ చెప్పారు. అబ్బాయి సందేహించాడు. తీసుకోమన్నది నేనే. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో ఉన్నవాణ్ణి, ఇనుమే అరుగుతుంది, ఇది అరగదా అన్నాను.

అరిగింది. మొదట్లో పొద్దున్న ఛార్జి పెడితే పడుకునే దాకా వచ్చేది. తర్వాత మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత అసలు రోగం మొదలైంది. సగం ఛార్జి ఉందని చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోయేది. మాట మధ్యలో. "ఈయన సంగతి మీకు తెల్దు, ఈయన..." అని నా మీద ఎవరికో చెబుతూ ఉండగా ఆరిపోయింది ఒకసారి. నేనేం చేశానో ఆ వచ్చినావిడకు ఇప్పటికీ తెలీదు. అప్పుడు నవ్వుకున్నాం. అబ్బాయి పవర్ బ్యాంక్ తెచ్చిపెట్టాడు. దాన్ని తీగతో ఫోనుకు తగిలించి మెడలో వేసుకుంటే, తలుగు కట్టిన పశువులా ఉన్నానని సైగ చేసి తీసి పక్కన పెట్టేసింది. గుమ్మం పక్క స్విచ్చు దగ్గర స్టూలు వేసుకుని, తీగ ఎంత పొడుగుంటే అంత మేరకే మాట్లాడటం మొదలుపెట్టింది.

నాకు మొదటి సెల్‌ఫోను వచ్చినప్పుడు ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం. ఆ ఫోను వెనక మూత గోటితో తీస్తే ఊడొచ్చేది. బ్యాటరీ ఉబ్బితే స్టేషను బయట తోపుడు బండి దగ్గర ఇంకోటి కొని, అక్కడే నిలబడి వేసుకుని, ఫోను చెవికి పెట్టుకుని ఇంటికొచ్చేవాళ్లం. ఇప్పటి ఫోనుకు మూత లేదు. జిగురుతో అతికించేశారు. కంపెనీ మనిషి తప్ప వేరెవరు తెరిచినా వారంటీ పోతుందని వాళ్లే చెప్పారు.

అందుకని ఊళ్లో పండ్రి బజారు వైపు ఉన్న కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లాను. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు, అబద్ధం చెప్పను. అంకుల్ జీ, కూర్చోండి అంది. కంప్యూటరు వైపు చూస్తూ హిందీలో అడిగింది: "బ్యాటరీ ఖరాబ్ హో గయీ, యా కమ్‌జోర్?"

నేను నాలుగో తరగతి దాకానే చదివాను. హిందీ ఎవరూ నేర్పలేదు. వర్క్‌షాపులో గోడల మీది నోటీసులు, పకోడీల పొట్లంగా వచ్చిన పేపర్లు చదువుకుని నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడు ఒక్కో మాటనీ తూచి వాడతాడు. ఖరాబ్ అంటే చెడిపోయినది. కమ్‌జోర్ అంటే బలం తగ్గినది. బ్యాటరీ ఇంకా ఛార్జి ఎక్కుతోంది, ఫోను వెలుగుతోంది. కాబట్టి ఉన్నదున్నట్టు, "కమ్‌జోర్ హో గయీ హై" అన్నాను. ఆ అమ్మాయి కంప్యూటరులో అదే కొట్టింది. నా సంతకం తీసుకుంది.

వారంలో జవాబొచ్చింది. బ్యాటరీ సహజంగా అరిగింది, సహజమైన అరుగుదల వారంటీలోకి రాదు.

మళ్లీ వెళ్లాను. అమ్మా, వ్యాగన్లకు బ్రేకు దిమ్మలుంటాయి, చక్రానికి ఒరుసుకుని అవి అరగడానికే ఉంటాయి, అరిగినదాన్నే మేం మార్చేవాళ్లం, అరగనిదాన్ని ఎవరైనా ఎందుకు మారుస్తారు అని అడిగాను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "అంకుల్ జీ, అది రైల్వే" అంది. అందులో వెక్కిరింత లేదు.

అయితే ఖరాబ్ అనే రాసుకోండి, మాట మధ్యలో ఆరిపోతోంది, ఇంతకన్నా ఖరాబ్ ఏముంటుంది అన్నాను. ఆ అమ్మాయి కంప్యూటరు తెర నా వైపు తిప్పి చూపించింది. వినియోగదారుడే కమ్‌జోర్ అని చెప్పినట్టు అందులో ఉంది. కింద నా సంతకం. దాన్ని మార్చడం తన చేతిలో లేదంది. పోనీ పరీక్షిద్దామని ఫోనుకు ఏదో యంత్రం తగిలించారు. తీగ తగిలించి ఉంచినంతసేపూ ఆ దిక్కుమాలిన ఫోను ఆరిపోలేదు. తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది. పని చేస్తోంది కాబట్టి పాడవలేదు, అరిగింది కాబట్టి మార్చరు. ఈ రెంటి మధ్యా మనిషి నిలబడే చోటే లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఆవిడ గుమ్మం దగ్గర స్టూలు మీద ఉంది. చాలాసేపు నొక్కింది. ఫోను చదివింది: "ఖరాబ్ అని ఒక్క మాట అనుంటే సరిపోయీది. నిజం సెప్పి ఏటి సాధించేరు?" మామూలుగా ఆవిడ తిట్టే తిట్టయితే నాకో లెక్క కాదు, ఎదురు చెప్పడం నాకొచ్చు. కానీ ఈ మాట కోపంలేని గొంతుతో వచ్చింది. ఆ గొంతుకు కోపమంటూ తెలీదు కదా.

పై అధికారులకు ఫిర్యాదు పెట్టాం. అబ్బాయి ఇంగ్లీషులో ఒకటి పెట్టాడు, నేను హిందీలో ఒకటి పెట్టాను. స్వరపేటిక లేని మనిషి ఫోను ఇది అని రాశాను. పరిశీలనలో ఉంది అని జవాబు వచ్చేది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. చివరికి విసిగిపోయి, మీ వారంటీ మీ దగ్గరే ఉంచుకోండి, ఎంతైతే అంత ఇస్తాను, బ్యాటరీ మార్చండి అని సర్వీసు సెంటరుకు వెళ్లాను. ఫిర్యాదు తెరిచి ఉండగా డబ్బు తీసుకుని బాగుచెయ్యడానికి కంప్యూటరు ఒప్పుకోదట. పోనీ ఫిర్యాదు మూసెయ్యండి అన్నాను. పైవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది, అక్కడివాళ్లే మూయాలి అంది ఆ అమ్మాయి. తర్వాత గొంతు తగ్గించి, "అంకుల్ జీ, మా నాన్న ఫోనుకైనా ఇంతే చెప్పాల్సి వస్తుంది" అంది. కోప్పడదామనే వెళ్లినవాణ్ణి, ఇక ఎవరి మీద కోప్పడను?

కొత్త ఫోను కొందామన్నాడు అబ్బాయి. కొననివ్వలేదు నేను. జవాబు రానీ, న్యాయంగా మన చేతికి రావలసింది అది అన్నాను. మిత్రుడు వచ్చి, "బావా, నువ్వు పోట్లాడేది ఆవిడ కోసమా, ఆ మాట కోసమా?" అని అడిగాడు. ఆ రోజు టీ ఇవ్వకుండా పంపించేశాను.

ఆ మరుసటి వారమే ఆవిడకు ఒంట్లో బాగోలేక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు హిందీ మనిషి. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని అడిగాడు. ఆవిడ నొక్కుతోంది, ఫోను "రాత్రి నుంచి ఎడమ పక్క..." అని హిందీలో మొదలుపెట్టి ఆరిపోయింది. ఆవిడ బొత్తాం నొక్కి పట్టుకుంది. తెర నల్లగానే ఉంది. డాక్టరు నా వైపు చూశాడు. ఎడమ పక్క ఛాతీలో నొప్పి సార్ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెయ్యేమో అన్నాను. అడ్డంగా ఊపింది. పొట్టా? మళ్లీ అడ్డంగానే. వేలు పెట్టి చూపించమన్నాడు డాక్టరు. చెవి వెనక చూపించింది, తర్వాత మెడ మీది రంధ్రం చూపించింది, ఆ రెంటి మధ్య వేలు అటూ ఇటూ తిప్పింది. అంటే నొప్పి అక్కణ్ణుంచి ఇక్కడికి వస్తోందా, ఇక్కణ్ణుంచి అక్కడికా? మింగినప్పుడా, ఊపిరి తీసినప్పుడా? నేను ఒక్కోటీ అడుగుతున్నాను, ఆవిడ ఊపుతూనే ఉంది. కాసేపటికి అవునని కూడా ఊపడం మొదలుపెట్టింది. నేను ఏమడిగినా అవుననే. అలసిపోయి ఒప్పుకుంటోందని తెలుస్తూనే ఉంది. నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి నొప్పి ఎక్కడుందో నేను చెప్పలేకపోయాను. వెనకాల వరసలో ఉన్నవాళ్లు గొణుగుతుంటే, నేను చెప్పిన అబద్ధానికే డాక్టరు మందు రాసిచ్చాడు.

తిరుగు దారిలో ఆటోలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని అరచేతిలో వేలితో ఏదో గీసింది. ఒక అక్షరం, తర్వాత ఇంకొకటి. నాకు అర్థం కాలేదు. మళ్లీ గీసింది. అర్థమైనట్టు తలూపాను.

ఇల్లు చేరాక నా పాత బొత్తాల ఫోను నుంచి అబ్బాయికి ఫోను చేసి, నువ్వన్నదే కానీ, ఆదివారం వచ్చి కొత్తది కొను అని చెప్పాను. ఆవిడ గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని ఫోనుకు తీగ తగిలించింది. ఫోను వెలిగిన కాసేపటికి చిన్నగా మోగింది. ఫిర్యాదులో ఇచ్చింది ఆ నంబరే కాబట్టి కంపెనీ జవాబు దానికే వచ్చింది. హిందీలో ఉంది. ఆవిడ నన్ను పిలవకుండా తెలుగు గుర్తు మీద నొక్కింది. నన్ను నీళ్లు పట్టమనే గొంతు, మిత్రుణ్ణి ఏడిపించిన గొంతు, స్పష్టంగా చదివింది:

"ప్రియమైన వినియోగదారులకు నమస్కారం. మీ ఫిర్యాదును సానుభూతితో పరిశీలించాము. పరిశీలన పూర్తయ్యేలోగా మీ పొడిగించిన వారంటీ గడువు ముగిసినది. గడువు ముగిసిన తరువాత ఉచిత సేవ వర్తించదు. ఈ మోడల్ బ్యాటరీ ప్రస్తుతం తయారీలో లేనందున రుసుము చెల్లించినా మార్చుట సాధ్యం కాదు. మీ ఫిర్యాదు మూసివేయబడినది. ఇంతకాలం ఓపికగా వేచియున్నందుకు ధన్యవాదాలు."