పరీక్ష రాయకముందే పాసైపోయాను

మా జాలరిపేటలో నా ముఖం చూడాలంటే ఇంటికి రానక్కర్లేని రోజులు కొన్ని ఉండేవి. బస్ కాంప్లెక్స్ దగ్గర హోర్డింగు వైపు తలెత్తితే చాలు. తెల్ల ఏప్రాన్, మెడలో స్టెతస్కోపు, పళ్ళన్నీ కనిపించే నవ్వు, కింద ఎర్రక్షరాల్లో "అల నుంచి ఆసుపత్రికి - మా విజయగాథ". ఆ ఫొటో తీసేనాటికి నేను నర్సింగ్ ఎంట్రెన్స్ రాయలేదు సరికదా, దరఖాస్తు కూడా పెట్టలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగాన్ని నేనే.

ఇంటర్‌లో బైపీసీ పూర్తయిన ఏడాది అది. సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలనీ, కొండల మీది పిల్లలనీ ఆసుపత్రి చదువులకు తయారు చేస్తామని ఒక కంపెనీ ద్వారకా నగర్‌లో ఉచిత శిక్షణ పెట్టింది. మంచి పనే, కాదనను. మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మనిషి. బయట కోచింగ్ మాట మా ఇంట్లో ఎత్తే ప్రశ్నే లేదు. నర్సు కావాలంటే నాకున్నది ఆ ఒక్క దారే.

మొదటి రోజు పాఠం చెప్పలేదు, ఫొటోలు తీశారు. ఉన్నవి మూడే ఏప్రాన్లు, వంతులవారీగా తొడుక్కున్నాం. నాకు దొరికింది ఎవరో భారీ మనిషిది. వెనకాల బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించారు. స్టెతస్కోపు మెడలో వేసి, "ఇప్పుడే సీటొచ్చినట్టు నవ్వమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫరు. నవ్వాను. నవ్వడానికి ర్యాంకు అక్కర్లేదు కదా.

తరవాత క్లాసులు మొదలయ్యాయి. బాటనీ సారు సంక్రాంతికి ముందే మానేశాడు, ఆయన బదులు ఎవరూ రాలేదు. స్ఫూర్తి సారు మాత్రం ప్రతి శనివారం తప్పకుండా వచ్చేవాడు. కలలు కనండి అని గంటన్నర చెప్పేవాడు. మాకు కలలకు ఏనాడూ కొదవ లేదు, మొక్కల గురించే ఏమీ తెలియదు.

ఈలోగా పేటలో నా ప్రాక్టీసు మొదలైపోయింది. పక్కింటి పెద్దమ్మ ఓ పొద్దున చెయ్యి చాపి, "నాడి సూడవే, కళ్ళు తిరుగుతన్నాయి" అంది.

"నాకింకా సీటే రానేదు పెద్దమ్మా."

"అంత బొమ్మేసినారు, సీటియ్యరేటి?" అంది. నా మాట కంటే ఆ బొమ్మ మీదే ఆమెకు నమ్మకం.

సీటు ఇవ్వలేదు. పరీక్ష తప్పాను. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు తేరుకుని, ఇంకో ఏడాది చదువుకుంటానని శిక్షణ ఆఫీసుకు వెళ్ళాను. కోఆర్డినేటరు సారు గోదావరి వైపు మనిషి, చాలా మర్యాదస్తుడు. కంప్యూటర్‌లో చూసి, "మీరు సక్సెస్ అయిపోయారని ఉందండి. అయిపోయినవాళ్ళని మళ్ళీ చేర్చుకునే రూలు లేదు" అన్నాడు.

"నేను తప్పాను సార్."

"మీ మటుకు మీరు తప్పారేమోనమ్మా. రిపోర్టు పైకి వెళ్ళిపోయింది."

మర్నాడు అమ్మ వచ్చింది, తట్ట గుమ్మం బయట దించి. ఆఫీసంతా చేపల వాసన. ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూసుకుంటే బాగుండదని అందరి ముఖాల్లోనూ కనిపించింది.

"బాబూ, మా తట్టలో సేప పాడైతే కొన్నోళ్ళు మర్నాడు తెచ్చి మొకాన కొడతారు. కిక్కురుమనకుండా ఇంకో సేప ఇత్తాం. మీరేటి, బొమ్మేసుకుని పిల్లని ఒగ్గేత్తారా? సీటొచ్చినాదని రాసినోళ్ళు, వచ్చేదాకా సదివించండి" అంది.

సారు కక్కలేక మింగలేక చాలాసేపు ఫోన్లు చేశాడు. చివరికి ఓ ఉపాయం దొరికింది. విద్యార్థిగా కుదరదు గానీ మెంటర్‌గా కుదురుతుందట. అంటే, ఒడ్డెక్కినదాన్ని కనక వెనక వచ్చేవాళ్ళకు ధైర్యం చెప్పాలి, ఆ వంకన క్లాసులో కూర్చోవచ్చు. ఒకటే షరతు. పరీక్ష తప్పానని పిల్లలకు చెప్పకూడదు. చెబితే మర్నాటి నుంచి రానక్కర్లేదు.

కొత్త బ్యాచి మొదటి రోజున కంపెనీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని, స్ఫూర్తి సారు మాటలే అటూ ఇటూ మార్చి అప్పజెప్పాను. చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది. అప్పుడు పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"అక్కా, మా నాన్న ఒక్కసారే రాయమన్నాడు. రాకపోతే అచ్యుతాపురంలో కంపెనీ పనికి పంపేస్తానన్నాడు. ఒక్కసారికి రాకపోతే ఇంక రాదనే కదా అక్కా?"

సారు నా వైపే చూస్తున్నాడు. అవునంటే ఆ పిల్ల పని అయిపోతుంది, కాదని నా సంగతి చెబితే నా పని. నాకు భయమేసింది.

"నాకూ రానేదమ్మా. మళ్ళీ రాయడానికే ఇక్కడ కూసున్నాను. మీ నాన్నకి నాను సెప్తాను" అన్నాను.

ముందు వరసలో ఒకాయన గట్టిగా దగ్గాడు. నేను పుస్తకాలు సర్దుకుని వెళ్ళడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఎవరూ పొమ్మనలేదు. నన్ను తీసెయ్యాలంటే ఎందుకు తీసేశారో రాయాలి. రాస్తే నేను తప్పానని కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ పిరికితనం పుణ్యమా అని ఏడాదంతా చదువుకున్నాను. బాటనీ నేనూ, ఆ పాడేరు పిల్లా ఒకళ్ళకొకళ్ళం చెప్పుకున్నాం.

ఇద్దరికీ సీట్లొచ్చాయి. ఆఫీసు గోడకు ఆ ఏడాది జాబితా అంటించారంటే పరిగెత్తుకుని వెళ్ళాను. ఆ పిల్ల పేరు ఆఖరున ఉంది. నా పేరు పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. లేదు.

"మీది పోయినేడాదే వేసేశాం కదమ్మా, రెండుసార్లు ఎలా వేస్తాం?" అన్నాడు సారు, ఎంతో మర్యాదగా.

కోపంతో ఏడుపొచ్చింది. ఆయన జేబులోని పెన్ను అడిగి తీసుకుని, ఆ పిల్ల పేరు కింద నా పేరు నేనే రాసుకున్నాను.