వేలిముద్ర చాలదని చెప్పాను

గల్ఫ్‌లోని ఇబ్రిలో ఆ మేస్త్రీని బ్యాంకువాళ్లే నాలుగు నెలలు తిప్పారని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. తిప్పింది నేను.

అప్పట్లో మా సైట్‌లో ఇంగ్లిష్ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీకి సొంత ఖాతా కావాలి. జీతం ఊళ్లో అన్న చేతికి పోకుండా నేరుగా భార్యకు చేరాలని అతని ఆరాటం.

"వేలిముద్ర తీసుకోరు," అన్నాను. నిజానికి నేను సాక్షి సంతకం పెడితే చాలు. ఒకరికి పెడితే క్యాంపంతా వెంటపడుతుందని, నా సెలవులన్నీ కౌంటర్ దగ్గరే పోతాయని విసుగు.

"గట్లయితే సంతకం నేర్పు తమ్మీ."

పేరు రాసిచ్చాను. రోజూ పచ్చి ప్లాస్టరింగ్ మీద మేకుతో పేరు రాసి, తాపీతో చెరిపేవాడు. "గోడ నీ పలకా?" అని ఫోర్‌మన్ తిట్టేవాడు. ఆ నాలుగు నెలల జీతమూ అన్నకే పోయింది.

చివరికి బ్యాంకులో కలాన్ని మేకులా పిడికిట పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కున్నాడు. గుమాస్తా హిందీలో చిరాకుపడ్డాడు. "ఎందుకీ తిప్పలు? వేలిముద్ర వెయ్యి, పక్కనున్న బాబు సంతకం చేస్తాడు."

మేస్త్రీ నావైపు చూశాడు. సాక్షి సంతకానికి నేను చెయ్యి చాపాను.

"నువ్వద్దు," అని, ఫారంలో గడి దాటిపోయేంత పెద్దగా తన పేరు తనే రాశాడు.