మామ బిగించిన ఏరియల్

మొన్నామధ్య సౌదీలో, జుబైల్ యార్డులో నాకు కొత్త ట్రక్కు అప్పగించారు. పాత బండిలో సామాను సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నాడు ఫోర్‌మన్. సామానంటే ఏముంది, దుప్పటి, టీ గిన్నె, నమాజు చాప. అన్నీ ఒక్క విడతలో మార్చేశాను. తీరా తలుపు పక్క అద్దం కమ్మీకి బిగించి ఉన్న సీబీ రేడియో యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. మైకు నొక్కి ఒక బండివాడు ఇంకో బండివాడితో మాట్లాడుకునే ఆ రేడియోలు ఇప్పుడు మా దారిలో దాదాపు లేవు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. అక్కడున్న బంగ్లాదేశీ మెకానిక్ "భాయ్, యే డండా అబ్ కిస్ కామ్ కా?" అని, ఈ కర్రతో ఇంకేం పనని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఆ నవ్వులో పస లేదు.

ఆ యాంటెన్నా మామది. మామంటే చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరివీ రాయచోటి దగ్గర పక్కపక్క ఊళ్ళు, ఇద్దరం ఇంట్లో తెలుగే మాట్లాడే ముసల్మానులం. ఆయన అల్లుడా అన్నాడు, నేను మామా అన్నాను, అంతే. జిజాన్‌కి పైపులు మోసే బండ్లలో ముందుది ఆయనది, వెనకది నాది. సౌదీకి మళ్ళీ రాకుండా ఖురూజ్, అంటే ఆఖరి ఎగ్జిట్ వీసా, కొట్టించుకుని ఇంటికి పోయే ముందు, తన బండి యాంటెన్నా, ఆయన మాటలో ఏరియల్, ఊడదీసి నా బండికి బిగిస్తానని కూర్చున్నాడు. అప్పటిదాకా నాది దమ్మామ్‌లో ముచ్చటపడి కొన్న పొట్టిది, ఎర్ర రబ్బరు తొడుగుది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "రంగు జూసి కొనేదానికి ఇదేమన్నా చొక్కానా? కొన క్యాబిన్ పైకి రావల్ల. గేటుకు తగిలితే వంగల్ల, ఇరగగూడదు" అన్నాడు.

ఇక మొదలుపెట్టాడు. కంపెనీ వేసిన తెల్లరంగును కమ్మీ మీద ఇనుము మెరిసేదాకా గీకాడు. ఇనుముకు ఇనుము తగలకపోతే మాట బయటికి పోదట. కేబులు తలుపు సందులో నలగకుండా చుట్టూ తిప్పి తెచ్చాడు. మాట బయటికి పోకుండా ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే మీటరు షెడ్ల పక్కన తప్పు చెబుతుందని బండిని బయలులోకి తోలించి, తలుపులు మూయించి ముల్లు చూశాడు. పై చానళ్ళలో ముల్లు ఎక్కువ లేస్తోంది, అంటే కడ్డీ పొడుగు. ఆకురాయితో కొన కొంచెం రాయడం, మళ్ళీ చూడడం. నాకు విసుగొచ్చి ఒక్కసారే కోసేద్దామన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి పోయి టీ పెట్టుకొచ్చాను.

ఇన్ని తిప్పలూ నాకోసమే. నిద్ర ముంచుకొచ్చే ఆ దారిలో నేను ఒంటరిగా ఉండకూడదని. ఆ రేడియో మాట ఎంతో దూరం పోదు, అందుకని ఎదురొచ్చే బండివాడికి సలాం అప్పగించేవాళ్ళం. వాడు మోసుకెళ్ళి వెనకెక్కడో ఉన్నవాడికి అందించేవాడు. ఒకరు అప్పగించిన సలాం అమానతు, నమ్మి చేతిలో పెట్టిన సొత్తు, దారిలో పారేయకూడదు. అలా మామకి అందరికంటే ఎక్కువ సలాములు పంపినవాడు అదే దారిలో బండి తోలే పఠాన్ భాయి. ముఖాముఖి ఎన్నిసార్లు కలుసుకున్నారో గానీ గొంతులకి మాత్రం గట్టి స్నేహం.

మామ ఇంటికెళ్ళాక ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. మొదటి వారం పఠాన్ భాయి నిజంగానే కలిశాడు, నిజంగానే సలాం చెప్పమన్నాడు. చెప్పాను. అవతల మామ గొంతు వెలిగిపోయింది. ఆ తర్వాత పఠాన్ భాయి గొంతు వినబడలేదు. వాళ్ళ దేశం వెళ్ళిపోయాడని దమ్మామ్ టీకొట్లో ఎవరో అన్నారు. కానీ శుక్రవారం మామ "ఏరియల్ బాగుండాదా అల్లుడా? పఠాన్ భాయి కలిసినాడా?" అని అడిగితే, ఆ ఆశని తుంచడానికి నోరు రాలేదు. "కలిసినాడు మామా, సలాం చెప్పమన్నాడు" అన్నాను. "వ అలైకుముస్సలాం" అన్నాడాయన, నిండుగా. ఆ మాట ఏళ్ళుగా ప్రతి శుక్రవారం నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎవరూ ఇవ్వని అమానతుని నేను అందిస్తూ వచ్చాను.

కొత్త బండి వచ్చిన రోజే, సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరాయన రెండు ఊరగాయ జాడీలు తెచ్చిచ్చాడు. ఒకటి నాకు. రెండోది పఠాన్ భాయికి అందించమని మామ మరీ మరీ చెప్పాడట.

మర్నాడు, పాత బండి నుంచి రేడియోతో సహా ఊడదీసి తెచ్చిన ఆ యాంటెన్నా ఎక్కడ నిలుస్తుందా అని కొత్త బండి చుట్టూ తిరిగాను. పైకప్పు తొడుగంతా ప్లాస్టిక్కు, అక్కడ పనికిరాదు. మళ్ళీ అద్దం కమ్మీయే గతి. మామ గీకినట్టే గీకాను, బయల్లోకి తోలి ముల్లు చూసుకున్నాను, ఓపికగా. జాడీని పక్క సీటుకి బెల్టు కట్టి జిజాన్ దారి పట్టాను. పఠాన్ భాయి ఎక్కడైనా ఉండకపోతాడా అని దారి పొడుగునా పిలిచాను. మీటరు ప్రకారం నా మాట చక్కగా బయటికి పోతోంది. జవాబుగా ఒక్క గురగురే వచ్చింది.

పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి మామకి ఫోన్ చేశాను. శుక్రవారం కాదు కదా, కంగారుపడ్డాడు. అంతా చెప్పేశాను. పఠాన్ భాయి వెళ్ళి చాలా కాలమైందని, ఆ సలాములు నేను కల్పించినవని.

"అన్నీనా?" అన్నాడు.

"మొదటిది నిజం మామా."

"అయితే ఇన్నాళ్ళు నేను జవాబిచ్చినవన్నీ యాడికి పోయినాయి రా అల్లుడా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనే సర్దుకుని, "సరేలే, జాడీ మూత గట్టిగ బిగించు, నూనె కార్తాది. బండి నిదానంగ తోలు" అని పెట్టేశాడు.

తర్వాతి శుక్రవారం ఫోన్ చేశాడు. నా ఒంట్లో ఎలా ఉందో అడిగాడు, వాళ్ళ ఊళ్ళో వానలు లేవన్నాడు, మనవడి చదువు గురించి చెప్పాడు. ఏరియల్ సంగతి ఎత్తలేదు. కొత్త బండికి నేనే బిగించానని, ముల్లు బాగా వచ్చిందని చెప్పాలని చివరిదాకా కాచుకుని కూర్చున్నాను. ఆ ప్రశ్న ఎక్కడ వస్తుందోనని భయపడుతూ ఫోనెత్తిన శుక్రవారాలు ఇట్టే దొర్లిపోయాయి గానీ, అది రాని ఈ ఒక్క శుక్రవారం మాత్రం ఇంకా గడిచినట్టు లేదు.