మామ గొంగడి

మా మేనమామ మండే ఎండల్లో కూడా ఎడ్లబండిలో గొంగడి పెట్టుకొనేవాడు. నిర్మల్ ఘాట్‌లో ఒక మలుపు రాగానే దాన్ని తీసి భుజాల మీద కప్పుకొనేవాడు. నిజంగానే అక్కడ టేకు అడవిలోంచి చల్లగాలి వచ్చి ఒంటికి తగిలేది.

"సల్ల ఈడికెల్లి షురువైతది బిడ్డా," అనేవాడు, సొంత ఇంటి గడప చూపించినంత ధీమాగా.

ఒకసారి అడిగాడు. "గీ సల్ల గుట్టదా, చెట్లదా?"

నేనప్పుడు టీచర్ ట్రైనింగులో ఉన్నాను. "గుట్టదే మామా. ఎత్తుకు పోయినకొద్ది సల్లగైతది," అన్నాను. తల ఊపాడు గానీ, ఆయన మనసు ఒప్పుకున్నట్టు కనిపించలేదు.

ఉద్యోగం వచ్చాక ఒక వేసవిలో ఆదిలాబాద్ నుంచి ఆయన బండిలోనే ఇంటికి బయల్దేరాను. జిన్నింగు మిల్లులో పత్తి దించి, తిరుగు దారిలో ఎప్పటిలాగే ఘాట్ మీద అడవి కాంట్రాక్టరు కొట్టించిన టేకు దుంగలు ఎక్కించుకున్నాడు. నేను వాటి మీదే కూర్చున్నాను.

మలుపు దగ్గర బండి ఆపి, గొంగడి చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. గాలి రాలేదు. రోడ్డుకు రెండు పక్కలా నరికిన మొదళ్లే ఉన్నాయి.

"గుట్టయితే గంతనే ఉన్నది గదా. మరి సల్ల ఏడికి వోయింది?"

నన్ను దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను పక్కకు జరిగాను. కింద దుంగ ఎండకు కాలుతోంది.

అది చూసి, "జర లే బిడ్డా, సుర్రుమంటున్నట్టున్నది," అంటూ ఆ గొంగడిని మడతపెట్టి దుంగ మీద పరిచాడు.