చైనా చదరంగంలో బావ సెలవు

సులైబియా యార్డులో మా ఫోర్‌మన్ చైనావాడు. అతన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అక్క మొగుడు, అంటే మా బావ, అక్కడే వెల్డర్. ఆయన కువైట్ వచ్చాక కూతురు పుట్టింది. దానికి నడక కూడా వచ్చేసింది గాని, ఆయన ఇంకా కళ్ళారా చూడలేదు. కాంట్రాక్టు ప్రకారం సెలవు ఎప్పుడో రావాలి. ఫోర్‌మన్ ఒక్క సంతకం పెడితే చాలు. పెట్టడు.

శుక్రవారాలు అతనితో చైనా చదరంగం ఆడేది నేనే. అతనే నేర్పాడు. ఒక శుక్రవారం పావులు పేరుస్తూ, నువ్వు గెలిచినా, డ్రా చేసినా మీ బావని పంపిస్తానన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. బావ నా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు.

చివరికి నాకు రాజు ఒక్కడే మిగిలాడు. అతనికి రాజూ, ఒక బంటూ. ఆ ఆటలో రాజు తన కోట దాటడు, ఐమూలగా నడవడు; నా రాజు కోట మూలలో ఉన్నాడు. పైగా ఇద్దరు రాజులు మధ్యలో అడ్డు లేకుండా ఎదురెదురు పడకూడదు. అందుకని అతని రాజు అంత దూరం నుంచే నా రాజు పక్క వరుస మూసేశాడు. ముందు గడి బంటు మూసింది. నాకు చెక్ లేదు, కదలడానికి చోటూ లేదు. మన చదరంగంలో అయితే అది డ్రా. నేను లేచి బావ భుజం తట్టాను.

"ఖలాస్. కదల్లేకపోతే ఓడినట్టే," అన్నాడు ఫోర్‌మన్.

చైనావాళ్ళ మెస్సులో వంటాయన్ని పిలిచి అడిగాను. వాళ్ళ రూలు నిజంగా అదేనట. సరే, ఆ ముక్క ఆటకి ముందు చెప్పొద్దూ? అసలు ఒక మనిషి సెలవుని పందెంలో పెట్టడానికి వీడెవడు? బల్ల తన్నబోయాను. ఫోర్‌మన్ నవ్వుతూ అదే పందెం మీద ఇంకో ఆట ఆడదామన్నాడు. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూకోరా బామ్మర్దీ. నువ్వు కోప్పడితే సంతకం పెడతాడేంటి? ఇంకోటి ఆడెయ్."

పళ్ళు నూరుకుంటూ ఆడాను. ఆ ఆటలో ఫిరంగి ఏదో ఒక పావు మీంచి దూకితే గాని కొట్టలేదు. నా రెండు ఫిరంగుల్నీ అతని రాజుకి ఎదురుగా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాను. వెనకది ముందుదాని మీంచి కొడుతుంది. ముందుదానికీ రాజుకీ మధ్య ఏది అడ్డం పెట్టినా, దాని మీంచి ముందుది కొడుతుంది. పక్కకి తప్పుకుందామంటే రెండు వైపులా అతని మంత్రులే ఉన్నారు. ఆట కట్టింది.

ఫోర్‌మన్ జేబులోంచి పెన్ను తీసి సెలవు కాయితం మీద సంతకం పెట్టాడు. బావ లేచి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి, "థాంక్యూ సార్, థాంక్యూ" అన్నాడు. తనది తనకిచ్చినందుకు. ఆ చేతులు లాగేద్దామనిపించింది నాకు.