అట్టపెట్టెలాయన కాపురం

లిఫ్టు మెకానిక్కుగారి ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఒక సందేహం వెలిబుచ్చేవారు: "ఇప్పుడే దిగారా, లేక బయల్దేరుతున్నారా?" ఆయన రెండింటికీ తల అడ్డంగా ఊపి వాళ్ళను సోఫాలో కూర్చోబెట్టేవాడు. సోఫా కిర్రుమనేది. కొన్ననాడు కొట్టువాళ్ళు తొడిగి పంపిన ప్లాస్టిక్కు కవరు సంవత్సరాలు గడిచినా దాని ఒంటిమీదే ఉంది మరి. టీవీ రిమోటు పాలిథిన్ సంచీలో ఊపిరాడకుండా బతికేది. ఫ్రిజ్జు తలుపుమీద కంపెనీవారి స్టిక్కరు పతకంలా మెరిసేది.

గోడగడియారం ఉండేది గాని గోడమీద కాదు. గోడకు చేరబడి నేలమీద కూర్చుని ఉండేది. టైము చూడదలచినవారు నడుము వంచాలి. కాలం ముందు అంత వినయంగా వంగే కుటుంబం ఆ వీధిలో మరొకటి లేదు. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టడం ఆయన దృష్టిలో పరాయివాడి నెత్తికి మేకు కొట్టడంతో సమానం.

ఇక పెట్టెలు. మిక్సీ పెట్టె, టీవీ పెట్టె, కుక్కరు పెట్టె, చివరికి ఇస్త్రీపెట్టె తాలూకు పెట్టె కూడా, థర్మోకోలు ముక్కలతో సహా పడగ్గదిలో పైకప్పుదాకా పేర్చి ఉండేవి. తెలిసినవాళ్ళు ఆయన్ను అట్టపెట్టెలాయన అనేవాళ్ళు. ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించాడు. తండ్రిది బదిలీల ఉద్యోగం. ఏ ఊళ్ళోనూ బడిలో స్నేహితుడి ఇంటిపేరు తెలిసేదాకా ఉన్నది లేదు. "ఆ పెట్టె పారెయ్యకురా, మళ్ళీ పనికొస్తుంది" అన్న తల్లి మాట ఆయనకు ఓనమాలకన్నా ముందే వచ్చు. పెద్దయ్యాక లిఫ్టుల పని నేర్చుకుని దేశంగాని దేశం వచ్చాడు. ఆయన కార్యాలయం పొద్దస్తమానం పైకీ కిందికీ తిరిగేది కాని ఎక్కడికీ పోయేది కాదు. మనసు మాత్రం ఎప్పుడూ ఎక్కడికో పోతూనే ఉండేది. భోజనం వేళ ఒక చేత్తో డబ్బా తెరిచి, రెండో చేత్తో ఫోనులో మరో దేశపు లిఫ్టుల కంపెనీవారి ప్రకటనలు చదివేవాడు. ఇంటికొస్తే సోఫా అంచున, రైలు కోసం చూసేవాడిలా, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు.

ఆయన భార్య ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. పొద్దంతా మడతలు పెట్టి ఇంటికొచ్చాక మడతపెట్టి ఉంచిన కాపురాన్ని చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. చదువుకోవడానికి వచ్చి అక్కాబావల దగ్గరే ఉంటున్న తమ్ముడికి ఆ సోఫాయే పడక. అటు దొర్లితే కిర్రు, ఇటు దొర్లితే కిర్రు. పైచదువుల కోసం సముద్రాలు దాటి వచ్చినవాడు కదలకుండా పడుకోవడంలో పాండిత్యం సంపాదించాడు.

ఆయనకు కంపెనీతో ఉన్న ఒప్పందం ముగింపుకు వస్తున్న రోజుల్లో ఆవిడ తేల్చి చెప్పింది. "నాకు ఇంకో ఊరు సర్దే ఓపిక లేదండీ. ఇక్కడ ఉండిపోతామని అడుగుదాం. ఉండనిస్తే ఉందాం. వద్దంటే తిరిగిపోదాం. ఇలా మధ్యలో వేలాడటం నావల్ల కాదు."

"చూద్దాంలే."

"చూసింది చాలు. అడగండి."

అడిగారు. ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. శాశ్వతంగా ఉంటామన్నవాళ్ళు నిజంగా ఉంటున్నారో లేదో చూడడానికి ఒక అధికారిణి ఇంటికి వస్తుంది. చూసి ఔనంటే ఔను. కాదంటే ఒప్పందంతోపాటు కాపురమూ కట్టిపెట్టుకుని విమానం ఎక్కాల్సిందే.

ఒక సెలవురోజు పొద్దున ఆ అధికారిణి రానే వచ్చింది. పొట్టి జుట్టు, మెత్తటి బూట్లు, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వకుండా ఉండడానికే జీతం తీసుకుంటున్నట్టున్న మనిషి. సోఫాను చూసింది. నేలమీది గడియారాన్ని వంగి చూసింది.

"ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగింది.

"ఎక్కడికండీ?" అన్నాడు మెకానిక్కు.

"నేను అడిగేదీ అదే."

"అయ్యో, మేం ఎక్కడికీ వెళ్ళట్లేదండీ!" అంది ఇల్లాలు.

అధికారిణి పడగ్గది తలుపు దగ్గర ఆగింది. అక్కడ మన మెకానిక్కు కొంపను, తన పొందిక చూసి ఎవరైనా ముచ్చట పడకపోతారా అన్న నమ్మకమే ముంచింది. మనిషి పొంగిపోయాడు. "ఇది మిక్సీదండీ. ఇది టీవీది. థర్మోకోలు కూడా చిన్న ముక్క పోలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు ఇల్లంతా సర్దెయ్యగలం!"

ఇల్లాలు ఆయన కాలు తొక్కింది. ఆయన కాలు తీసి పక్కన పెట్టుకుని, "ఫ్రిజ్జుది కూడా ఉందండీ, మడిచి మంచం కింద పెట్టాం" అన్నాడు.

"నేను మళ్ళీ వస్తాను" అంది అధికారిణి. "అప్పటికి ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటున్నట్టు నాకు కనిపించాలి. కనిపించకపోతే ఎవరూ లేరనే రాస్తాను."

తలుపు మూసుకుంది. లిఫ్టు కిందికి వెళ్ళిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు సరిగ్గానే ఉందని మెకానిక్కు చెవి దాని మానాన అది గమనించింది.

"ఫ్రిజ్జుది కూడా ఉందా?" అంది ఇల్లాలు.

"ఉంది కదే, నీకు తెలీదూ?"

"నాకు తెలుసు. ఆవిడకి తెలియాల్సిన అవసరం ఏమొచ్చిందని?"

"బావా, నువ్వు చూపించిన తీరు చూస్తే ఆవిడే టాక్సీ పిలిచి మనల్ని ఎక్కించేస్తుందనుకున్నా" అన్నాడు బావమరిది.

"నువ్వు నోర్ముయ్. చదువుకోడానికొచ్చావు, చదువుకో."

"ఎలా చదవను? టైము చూసి చూసి నడుం పట్టేసింది."

"వాదించుకుంది చాలు, ఇద్దరూ లేవండి" అని ఇల్లాలు కత్తెర తెచ్చింది.

సోఫా కవరు కోస్తున్నంతసేపూ మెకానిక్కు, ఆపరేషను గది బయట నిలబడ్డ దగ్గరి బంధువులా, బాల్కనీలో పచార్లు చేశాడు. చర్... చర్... అన్నప్పుడల్లా ఆయన భుజాలు ఎగిరిపడ్డాయి. లోపలికి పిలిస్తే వచ్చి చూశాడు.

"ఇది నీలమా? ఇన్నాళ్ళూ బూడిదరంగనుకున్నానే!"

"నాకూ ఇవాళే తెలిసింది" అంది ఆవిడ. "ఇక పెట్టెలు."

పెట్టెల విషయంలో వాదన ముదిరింది. ఎవరైనా గెలిచేలా ఉంటే అది ఆయన కాదు. కాబట్టి తరువాతి సెలవురోజున పెట్టెలన్నీ దింపి వీధి చివర చెత్తకుండీల దాకా మోశాడు. మూత ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. మిక్సీ పెట్టెమీద స్కెచ్చిపెన్నుతో తాను రాసుకున్న "జాగ్రత్త" అన్న మాట తనవంకే చూస్తున్నట్టనిపించింది. అన్నిటినీ మళ్ళీ మోసుకొచ్చి లిఫ్టులోకి ఎక్కించాడు. మేడమీద లిఫ్టు మోటారు గది ఉంది. ఆ భవనం లిఫ్టు కూడా ఆయన చూసుకునేదే కాబట్టి తాళం ఆయన దగ్గరే ఉంది. ఆ గదిలో మరే సామానూ ఉంచరాదని తలుపుమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించినవాడు ఆయనే. వాచ్‌మన్ అక్కడ చీపురు పెట్టినందుకు నెలరోజులు మాట్లాడనివాడూ ఆయనే. ధర్మసూక్ష్మం కాసేపు పక్కన పెట్టి మీట నొక్కబోయాడు.

"ఒక్క నిమిషం" అంటూ మెత్తటి బూట్లు లోపలికి వచ్చాయి.

అధికారిణి పెట్టెలను చూసింది. మెకానిక్కును చూసింది. ఆయనుండే అంతస్తు మీట నొక్కింది. తలుపులు మూసుకున్నాయి.

తన చేతులతో బాగుచేసిన లిఫ్టు ఇప్పుడు ఆగిపోతే బాగుండునని ఆయన మనసారా కోరుకున్నాడు. అది ఆగలేదు. పని శ్రద్ధగా చేసినందుకు జీవితంలో మొదటిసారి పశ్చాత్తాపపడ్డాడు.

"ఇవి ఎక్కడికి?"

అబద్ధం ఒకటి నాలిక చివరిదాకా వచ్చి, ఆవిడ ముఖం చూసి వెనక్కి పోయింది.

"పైన దాద్దామనండీ. మా ఆవిడ పారెయ్యమంది. చేతకాలేదు."

"వెళ్ళే ఉద్దేశం లేనివారికి ఇవెందుకు?"

"వెళ్ళడానికి కాదండీ." ఆయన కుక్కరు పెట్టెను ఛాతీకి హత్తుకున్నాడు. "ఇవుంటే, కావాలంటే వెళ్ళిపోవచ్చులే అన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం మీదే ఉంటున్నాను. ఇవి లేకపోతే... ఉండి తీరాలేమోనని భయమేస్తుంది. భయమేస్తే నిలవలేను. మీకు అర్థమయ్యేలా చెప్పడం నాకు రావట్లేదు."

అధికారిణి సంచీలోంచి కాయితం తీసి పైనుంచి కిందిదాకా చూసింది. తరువాత, "అర్థమైంది. కాని ఇది రాయడానికి నా కాయితంలో గడి లేదు" అంది.

పైనుంచి దబ్, దబ్ మని చప్పుడు వినిపించింది. మోటారుది కాదని ఆయన చెవి వెంటనే తేల్చి చెప్పింది. లిఫ్టు ఆగింది. గడపకూ నేలకూ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ సమయంలో అది చూసి సంతోషించినవారు ఎవరూ లేరు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో స్టూలుమీద ఇల్లాలు నిలబడి ఉంది, చేతిలో సుత్తి. స్టూలు పట్టుకున్న తమ్ముడి జుట్టంతా సున్నం. గోడకు ఒక మేకు, దాని చుట్టూ అరచేతి మేర పెచ్చు ఊడిన గుంట.

"మళ్ళీ తెచ్చారా అవి!" అని కేకేసిన ఇల్లాలు, పెట్టెల వెనక మనిషిని చూసి సుత్తిని కొంగు చాటున దాచబోయింది. అది దాగలేదు.

అధికారిణి వెళ్ళి నీలం సోఫాలో కూర్చుంది. సోఫా చప్పుడు చెయ్యలేదు. గోడలో గుంట వంక చూసి, "ఇల్లుగలాయన ఊరుకుంటాడా?" అని అడిగింది.

మెకానిక్కు కళ్ళు మూసుకున్నాడు.

"ఊరుకోడండీ, నానా మాటలూ అంటాడు" అంది ఇల్లాలు. "అననివ్వండి. ఇక్కడే ఉంటాం కదా, వచ్చి అడిగితే సమాధానం చెబుతాం."

అధికారిణి కలం తీసింది. రాస్తూ ఒక్కసారి తలెత్తి పెట్టెల మధ్య నిలబడ్డ మనిషిని చూసింది. మళ్ళీ రాసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఫ్రిజ్జు పెట్టె అయినా పారెయ్యండి, మంచం కింద దుమ్ము పడుతుంది" అంది. ఆ ముఖంలో భావం కనబడిందని బావమరిది, లేదని బావ ఇప్పటికీ వాదించుకుంటారు.

ఉండవచ్చునని కబురు వచ్చింది. ఇల్లుగలాయన కూడా వచ్చాడు. అనవలసినవన్నీ అన్నాడు. ఇల్లాలు ఒక్కటీ వదలకుండా సమాధానం చెప్పింది. ఫ్రిజ్జు పెట్టె ఒక్కటే చెత్తకుండీకి వెళ్ళింది. తక్కినవాటిని, మోటారు గది పరువు దక్కేలా, పడగ్గదిలోనే మరో మూల ఆయన్ను పేర్చుకోనిచ్చింది ఇల్లాలు.

గడియారం గోడకెక్కింది. ఇల్లాలు కొట్టిన మేకు కదా, అది కొంచెం ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. ఎవరికీ కనబడని ఆ ఒరుగు, లిఫ్టులను నేలకు సమం చేసే కంటికి కనబడకుండా ఎలా పోతుంది? ఆయన సోఫాలో కూర్చుంటాడు. లేచి వెళ్ళి గడియారాన్ని వేలితో ఇంత జరుపుతాడు. వచ్చి కూర్చుంటాడు. అది మళ్ళీ ఒరుగుతుంది. మళ్ళీ లేస్తాడు.

"కూర్చోండి కాసేపు" అంటుంది ఆవిడ.

"కూర్చునే ఉన్నాను కదే."

"అంచున కూర్చున్నారు. వెనక్కి జరగండి."

ఆయన కొద్దిగా వెనక్కి జరుగుతాడు. గడియారం వంక చూస్తాడు.