అయిదో బంతి

నీళ్ళ మీద స్కీ ఆడతానని చెబితే మా బనగానపల్లెలో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "నీళ్ళు యాడుండాయమ్మా?" ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే చోట ఇదేం పిచ్చి అని నన్ను నేనే ఎన్నోసార్లు తిట్టుకున్నాను. నేను స్కూల్లో ఆటల టీచర్ని. స్టాఫ్‌రూములో కబడ్డీ గురించి ఎంతసేపైనా మాట్లాడేవాళ్ళున్నారు. నా ఆట గురించి మాట్లాడాలంటే నాకు నేనే దిక్కు.

కాలేజీ రోజుల్లో విశాఖపట్నంలో ఒక క్యాంపుకు పోయినప్పుడు పట్టుకుంది ఇది, నలభై దగ్గర పడుతున్నా వదల్లేదు. అవుకు రిజర్వాయరులో సెలవు రోజుల్లో జనాన్ని తిప్పే స్పీడ్ బోటు ఒకటుంది. దాని డ్రైవరన్నను బతిమాలుకుని, రోజూ స్కూలు గంటకు ముందు నా తాడు ఆ బోటు వెనక కట్టించుకుని, కాళ్ళకు స్కీ పలక తొడుక్కుని నీళ్ళ మీద జారేదాన్ని.

ఆ ఏడాది నాకు ఒకటే పంతం. దక్షిణాది ప్రాంతీయ పోటీలకు అర్హత సంపాదించాలి. పేరు రాసిస్తే పిలిచే వ్యవహారం కాదది. ముందు ఏదైనా గుర్తింపు ఉన్న పోటీకి పోయి, జడ్జీలు చూస్తుండగా, మన వయసు విభాగానికి పెట్టిన స్కోరు తేవాలి. బోటు నడిమి దారిలో నేరుగా పోతుంది. దారికి అటు మూడు, ఇటు మూడు రబ్బరు బంతులు తేలుతుంటాయి. వెనక తాడు పట్టుకున్నవాళ్ళు అటూ ఇటూ కోసుకుంటూ ఒక్కో బంతినీ బయటి వైపు నుంచి చుట్టి నడిమికి రావాలి. వస్తే ఒకటి. చుట్టాక పడితే సగం. నాకు ఆరుకు ఆరూ కావాలి. మన ఊళ్ళో వందసార్లు చుట్టినా లెక్కలోకి రాదు, సాక్షి ఉండాలి.

నాకెవరు సాక్షి? బోటులో డ్రైవరన్న ఒక్కడే. వెనక వచ్చేవాళ్ళు కనిపించడానికి అతని ముందు చిన్న అద్దం ఉండేది. అయినా నేను బోటెక్కగానే "ఎన్నమ్మా?" అని అడిగేవాడు. నేను చెప్పిందే స్కోరు.

అంతకు ముందు వేసవిలో నీళ్ళు అడుగంటినప్పుడు, బయటపడ్డ ఒండ్రు మీద మేమిద్దరం టేపు పట్టి కొలిచి, బంతుల తాళ్ళు కట్టడానికి రాళ్ళు పాతాం. అయిదో బంతి చోటికి వచ్చేసరికి అక్కడ ఒక రాయి ముందే నిలబడి ఉంది. డ్రైవరన్న దాన్ని అరచేత్తో తుడిచాడు.

"ఇది మా చేని హద్దురాయమ్మా," అన్నాడు. రిజర్వాయరులో మునగక ముందు అది వాళ్ళ చేను. వాళ్ళన్న ఒకసారి ఆ రాయిని జానెడు జరిపాడట. అప్పట్నుంచీ, ఇరవై ఏండ్లుగా, అన్నదమ్ములకు మాటల్లేవు. "చేను పాయ, కోపం పోలే. మా అన్న కొడుకు పెండ్లికి గూడా పోలేదు నేను. ఏమన్నా జరుపు గానీ, హద్దురాయి జరపగూడదు."

అయిదో బంతిని ఆ రాయికే కట్టాం.

కాలువ నీళ్ళొచ్చి రిజర్వాయరు నిండింది. రోజూ నాలుగు చుట్టడం, అయిదో దాని దగ్గర పడడం. అది నా పాలిట శని. పడ్డాక బోటు తిరిగి వచ్చేదాకా లైఫ్ జాకెట్టుతో మెడలోతున తేలుతూ ఉండాలి. చుట్టూ గుట్టలు, పలకరించే పురుగు లేదు. ఆ రెండు నిమిషాలూ ఏడ్చేదాన్ని. మొహం ఎలాగూ తడిసే ఉంటుంది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకునేదాన్ని.

దసరా సెలవులయ్యాక ఒకనాడు ఉన్నట్టుండి అయిదోదీ చుట్టేశాను, ఆరోదీ చుట్టేశాను. మర్నాడూ అంతే. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేట్టుంది. నందికొట్కూరులో ఉండే మా అక్కకు ఫోను చేశాను. "ఆరు బంతులా? క్రికెట్టు ఎప్పుడు మొదలుపెడితివే?" అంది.

నెల తర్వాత పక్క రాష్ట్రంలో గుర్తింపు పోటీకి పోయాను. ఆ ఏడాదికి అదే ఆఖరిది. నాలుగు బంతులు చుట్టాను. అయిదోది నాకు అలవాటైన చోట లేదు, ఇంకా అవతల ఉంది. నేను ముందే తిరిగాను. జడ్జీ కాగితం మీద నాలుగు అని రాశాడు.

తిరిగొచ్చిన మర్నాడే బోటులో నుంచి కొలత తాడు వేసి చూశాను. మా అయిదో బంతి బారెడు లోపలికి ఉంది. లాగితే హద్దురాయికి బదులు ఎరువుల సంచిలో కట్టిన రాళ్ళ మూట కదిలింది.

"దీన్నెవరు జరిపినారన్నా?"

డ్రైవరన్న ఇంజను ఆపేశాడు. "నేనేమ్మా. దినామూ ఈడ పడతాంటివి. ఒక్కదానివే ఏడుస్తాంటివి. అద్దంలో కనపడతాండాది నాకు. ఒక దినమన్నా నగుకుంటా ఇంటికి పోతావని రోంత లోపలికి తెచ్చినా. మళ్ళా దాని చోట్లోనే కడదామనుకుంటి. నువ్వు నగుతాంటే చెయ్యి రాలే."

నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు. "జానెడు జరిపినందుకు మీ అన్నతో ఇరవై ఏండ్లు మాట్లాడలేదు నువ్వు. నువ్వు బారెడు జరిపినావే, నేనెన్నేండ్లు మాట్లాడకూడదు?" అన్నాను.

అతను ఇంజను మళ్ళీ వేసి బోటును గట్టు వైపు తిప్పాడు. అంతకంటే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే నీళ్ళలో మునిగి, బంతిని మళ్ళీ ఆ రాయికే కట్టాడట.

రెండు రోజులు సిగ్గుతో ఇంట్లోనే ఉండి, మూడో రోజు పోయాను. ఎప్పటిలాగే తాడు కట్టాడు, బోటు నడిపాడు. అయిదో బంతి చుట్టి, నడిమికి రాకుండానే పడ్డాను. ఎప్పటిలాగే ఏడుపొచ్చింది. బోటు తిరిగొచ్చింది. చెయ్యి అందించి పైకి లాగాడు గానీ "ఎన్నమ్మా?" అని అడగలేదు. నాలుగున్నర అని నేనే చెబుదామని అతని వైపు తిరిగాను.

అద్దం ఉండే చోట రెండు స్క్రూల బొక్కలు మాత్రమే ఉన్నాయి.